తొమ్మిదో అడుగుకు ఒక్క క్లిక్

శనివారం చేయాల్సిన పనులు:

బ్యాటరీలు రెండూ చార్జింగ్ పెట్టాలి.

రూమ్మేట్ సందీప్ దగ్గర పెద్ద లెన్స్ అడగాలి. సగం నిద్రలో ఉన్నప్పుడు అడిగితే కాదనడు.

ఫ్లాష్ రూమ్‌లోనే వదిలేయాలి. ఇండోర్‌లో ఫ్లాష్ వెలిగితే అథ్లెట్ల కళ్లు చెదురుతాయట.

మేనేజర్ దివ్య మేడమ్‌కు టెస్టింగ్ రిపోర్ట్ మెయిల్ చేయాలి.

నాయనకు ఫోన్ చేసి కంట్లో చుక్కలు వేసుకున్నాడో లేదో కనుక్కోవాలి.

హఫీజ్‌పేట్ స్టేషన్లో పొద్దున రైలు అందుకోవాలి.

హాల్లో నేను కూర్చునే చోట టేప్ అతికించుకోవాలి.

ఏడు పనులూ చేశాను. రాసుకున్న పని వదిలిపెట్టడం నాకు చేతకాదు. ఆ ఏడోది ఒక్కటి మరిచిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నా పేరు వెంకటనారాయణ. మాది మదనపల్లె దగ్గర పల్లె. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. అంటే, వేరేవాళ్లు చేసిన తప్పులు వెతికి రాయడం నా ఉద్యోగం. నా తప్పులు వెతకడానికి మాత్రం రోహిణి రావాల్సి వచ్చింది.

ఖాజాగూడ వైపు మా కంపెనీ క్యాంపస్ ఇంకొకటి ఉంది. దాని వెనకాల పెద్ద ఇండోర్ హాల్. వానాకాలంలో బయట గ్రౌండ్లన్నీ బురదవుతాయి కాబట్టి, పొద్దున పూట అథ్లెట్ల ప్రాక్టీసుకు ఆ హాల్ ఇస్తారు. ఆ శనివారం అక్కడ చిన్న ట్రయల్ మీట్. "వెంకట్, నీ దగ్గర కెమెరా ఉంది కదా, న్యూస్‌లెటర్‌కు నాలుగు ఫోటోలు తియ్యి" అన్నారు హెచ్ఆర్ వాళ్లు. సరేనన్నాను.

హైజంప్ చేసేవాళ్లు కూడా నేల మీద టేప్ అతికించుకుంటారని అప్పటికి నాకు తెలియదు. పరుగు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ టేప్ చెబుతుంది. అక్కడి నుంచి లెక్కపెట్టిన అడుగులు. బెత్తెడు తేడా వచ్చినా ఎగరాల్సిన చోటు తప్పిపోతుంది.

ఆ పరుగు మొదలయ్యే చోటికి కాస్త వెనక తెల్ల టేప్ ముక్క ఒకటి అతికించి, దాని మీద కూర్చున్నాను. కాసేపటికి కోచ్ రవీందర్ సార్ వచ్చారు.

"ఓ కెమెరా బాబూ, గీడ కూసుంటే పిల్లలు పరేషాన్ అయితరు. జర ఆ మూలకు పో."

పోయాను. కెమెరా, బ్యాగు, నీళ్ల సీసా, అన్నీ తీసుకున్నాను. టేప్ మాత్రం నేల మీదే ఉండిపోయింది.

పసుపు జెర్సీ వేసుకున్న అమ్మాయి వంతు వచ్చింది. బార్ ఒక మీటర్ అరవై నాలుగు దగ్గరుంది. రెండు ప్రయత్నాలు అప్పటికే పోయాయి. ఇది మూడోది, ఆఖరుది. ఆమె వెనక నుంచి నడిచొచ్చి, మొదట కనిపించిన తెల్ల టేప్ దగ్గర నిలబడింది. కళ్లు మూసుకుంది. తెరిచింది. పరుగెత్తింది.

చివరి అడుగు ఎక్కడో పడింది. ఆమె ఎగరనే లేదు. బార్‌ను ఛాతీతో గుద్దుకుని, బార్‌తో సహా మ్యాట్ మీద పడింది. నీలం యూనిఫాం వేసుకున్న పెద్దాయన ఒకరు వచ్చి, బార్ తీసి మళ్లీ పైన పెట్టారు. ఆయనను నేను సరిగా చూడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆమె లేచి నేరుగా టేప్ దగ్గరికి వచ్చింది. వంగి చూసింది. గోటితో పీకి, వేలికి అంటించుకుని పైకెత్తింది.

"గిదెవరిది?"

"నాది," అన్నాను.

"గీడెందుకు వెట్టినవ్?"

"కూర్చోవడానికి."

"కూసోనీకి టేప్ ఎందుకు? కుర్చీలేమన్న కరువైనయా?"

"లేచిపోయినా మళ్లీ అదే చోట కూర్చోవాలి కదా అండి. గుర్తు కోసం."

"నాక్కూడా గుర్తే సార్! నా గుర్తు అగో, ఆడ ఉన్నది. నీ గుర్తు కాడికెళ్లి ఉరికిన నేను!"

హాలంతా మా వైపు తిరిగింది.

"సారీ మేడమ్."

"మేడమ్ అంట! టీమ్ మీటింగా ఇది?" అని ఆ టేప్ ముక్కను నా కెమెరా బ్యాగుకు అంటించి వెళ్లిపోయింది.

రవీందర్ సార్ నవ్వాపుకుంటూ నా పక్కకు వచ్చారు. "ఫికర్ చెయ్యకు బాబూ. ఇయ్యాల ట్రయలే. నెల రోజులకు సెలెక్షన్ ఉన్నది, అప్పుడు గిట్లయితే మాత్రం చంపుతది నిన్ను." తర్వాత గొంతు తగ్గించారు. "రోహిణి బాచుపల్లిల ఒక బడిల పీటీ టీచర్. పొద్దుగాల ప్రాక్టీసుకని బడోళ్లు ఈ సెలెక్షన్ దాకనే ఆలస్యంగ రానిస్తున్నరు. మీటర్ డెబ్బై దుంకితే నేషనల్ క్యాంపుకు పోతది. లేకుంటే ఇగ దుంకుడు బంద్. గందుకే గా కోపం."

ఆ రోజు రైల్లో నిలబడి ఒకటే అనుకున్నాను. ఆ అమ్మాయికి మిగిలిన ప్రయత్నాలు లెక్కపెట్టినన్ని. అందులో ఒకటి నేను పాడుచేశాను.

"క్షమాపణ ఎట్లా చెప్పాలిరా?" అని సందీప్‌ను అడిగాను.

"పూలివ్వు."

పూలకూ ఈ తప్పుకూ సంబంధం ఏముంది? తప్పు టేప్‌తో జరిగింది. సోమవారం పొద్దున, ఆఫీసుకు ముందే, టేప్ చుట్ట ఒకటి కొనుక్కుని హాలుకు వెళ్లాను. షాపులో తెలుపు కాకుండా ఉన్న రంగు గులాబీ ఒక్కటే.

రోహిణి చుట్టను తిప్పి తిప్పి చూసింది.

"ఇదేంది?"

"ఇకనుంచి మీ గుర్తు ఈ రంగు. ఇంకెవ్వరి టేప్‌తోనూ కలవదు. నేనైతే అసలు టేప్ వాడను."

"మరి నువ్వేడ కూసుంటవ్?"

"మీరు చెప్పిన చోట."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నవ్వు వస్తున్నట్టే ఉంది కానీ బయటికి రానివ్వలేదు.

"ఇంకో ముచ్చట. నీ కెమెరా టకటకటకటక అని మిషన్ లెక్క కొడ్తది. నేను వంపు తిరుగుతుంటే చెవిల వడ్తది. అడుగులు మర్చిపోత."

"సైలెంట్ మోడ్ పెడతాను," అన్నాను.

పెట్టాను. శబ్దం పోయింది. కానీ ఆ హాల్లో లైట్ల వల్ల ప్రతి ఫోటోలోనూ ఆమె ఒంటి మీద నల్ల చారలు పడ్డాయి. మర్నాడు చూపిస్తే ఆమె పగలబడి నవ్వింది.

"నన్ను జీబ్రా చేసినవ్ గదా! న్యూస్‌లెటర్ల ఏం రాస్తవ్, జూ పార్కు కెళ్లి తప్పించుకొచ్చిందనా?"

"ఇంకో దారి ఉంది. శబ్దం వచ్చినా ఒక్కటే వచ్చేట్టు. మీరు గాల్లోకి లేచాక ఒక్క క్లిక్."

"ఒక్కటంటే ఒక్కటే?"

"ఒక్కటే. కాకపోతే మీ అడుగులు నాకు నోటికి రావాలి."

"రోజూ రా మరి," అంది. అనేసి, షూ లేసు ముడి బాగానే ఉన్నా మళ్లీ విప్పి కట్టుకుంది.

అట్లా మూడు వారాలు రోజూ పొద్దున ఆరింటికే హాల్లో ఉన్నాను. రోహిణి పరుగు తొమ్మిది అడుగులు. మొదటి నాలుగు తిన్నగా, పెద్దగా. ఐదో అడుగు నుంచి వంపు. ఆరు, ఏడు వేగం. ఎనిమిదో అడుగులో నడుము కాస్త కిందికి దిగుతుంది. తొమ్మిదో అడుగు ఎడమ కాలు, నేలను తన్నినట్టు పడుతుంది. ఆ తర్వాత వీపు బార్ వైపు తిరుగుతుంది, తల వెనక్కి వాలుతుంది, మనిషి విల్లులాగా వంగి గాలిలో ఉంటుంది. మనసులో తొమ్మిది అనుకున్నాక పది అనుకునేలోపు నొక్కాలి. ముందు నొక్కితే పరుగు, ఆలస్యమైతే మ్యాట్.

మొదటి వారం నాకు పాదాలు వచ్చాయి. రెండో వారం ఒకసారి భుజం, ఒకసారి ఉత్త జడ.

"జడ మస్తు దుంకింది. దానికే పంపుర్రి మెడల్," అంది రోహిణి.

మూడో వారానికి పెదవులు కదుపుతూ లెక్కపెట్టడం నాకే తెలియకుండా అలవాటైంది. ఒకరోజు ఆమె పరుగు మధ్యలో ఆపేసి నవ్వేసింది.

"ఏమైంది?"

"నువ్వు నాకంటే ముందు ఆరు అంటున్నవ్. జర ఆగు, నేను గూడ వస్త!"

రోజూ బార్ పడేది. రోజూ మళ్లీ పైకి వెళ్లేది. దాన్ని పెట్టే పెద్దాయన నన్ను "నమస్తే సార్" అనేవారు. నేనూ నమస్తే అనేవాణ్ని. అంతే.

ప్రాక్టీసు అయ్యాక రోహిణి బాచుపల్లి బస్సుల కోసం రోడ్డు మీదికి నడిచేది. నాకు ఆఫీసు ఇటు వైపు. అయినా అటు వైపు నడిచేవాణ్ని. ఒకరోజు వాన పట్టుకుంది. నా దగ్గర ఒక్క గొడుగు. అందులో సగం కెమెరాకే సరిపోయింది.

"కెమెరాకు గొడుగు వట్టి నన్ను తడుపుతున్నవ్," అంది.

"మీరు తడిస్తే ఆరిపోతారు. ఇది తడిస్తే పాడైపోతుంది."

"అబ్బ! ఏం ముచ్చట చెప్పినవ్! ఎవ్వలన్న ఆడిపిల్లతోని గిట్ల మాట్లాడ్తరా?"

చెప్పిన మాట నిజమే. అయినా తప్పనిపించి గొడుగు మొత్తం ఆమె మీదికి పట్టి, కెమెరా చొక్కాలో పెట్టుకున్నాను. ఆమె నా వైపు చూడకుండా గొడుగు కర్రను కొంచెం నా వైపు తోసింది. చెరువు పక్క రాళ్ల గుట్ట మీద వాన నీళ్లు జారుతున్నాయి.

"చిన్నప్పుడు గా బండల మీదనే దుంకేదాన్ని," అంది. "ఒక బండ మీదికెళ్లి ఇంకో బండ మీదికి. మా నాయిన ఆడ రాళ్లు కొట్టేటోడు. పడ్తవే బిడ్డా అని ఒర్రేటోడు. కని ఎన్నడు దిగుమనలే."

"ఇప్పుడేం చేస్తారు?"

"ఇప్పుడు వేరే పని," అని నవ్వింది. "తర్వాత చెప్త. మీ నాయిన?"

"పెళ్లిళ్లలో వీడియోకు లైట్ పట్టుకునేవాడు. నేను కెమెరా మొదట చూసింది ఆయన పక్కనుంచే."

"గట్లనా!" అని నా ముఖం వైపు కొత్తగా చూసింది. ఆ రోజు నుంచి నేను కూడా ఆమెను 'మీరు' అనడం మానేశాను. ఎవరూ చెప్పలేదు. అదే పోయింది.

ఆ శుక్రవారం మీటర్ అరవై ఏడు దాటింది. తొమ్మిది అనుకుని నొక్కాను. ఒక్క క్లిక్. స్క్రీన్ మీద చూస్తే రోహిణి బార్ మీద విల్లులాగా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. చూపించగానే కెమెరాను రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో స్క్రీన్ అంచును తడిమింది.

"ఇది నాకు కావాలె. పెద్దగ ప్రింట్ తీయించుకొని రా. అప్పుడొకటి చెప్త నీకు."

"ఇప్పుడే చెప్పు."

"ఊఁహుఁ. ప్రింట్ దెస్తెనే."

ఆ రోజంతా ఆఫీసులో నేను ఏం టెస్ట్ చేశానో నాకే తెలియదు. శనివారమంతా ఆ ఫోటో ముందే కూర్చున్నాను. రంగులు సరిచేశాను. ఎడమ వైపు బార్ స్టాండ్ పక్కన నీలం యూనిఫాం మనిషి సగం పడ్డారు. చూపు అటు పోతోంది. ఫోటో శుభ్రంగా ఉండాలి కదా. అక్కడికి కోసేశాను. ఇప్పుడు ఫ్రేమ్‌లో రోహిణి ఒక్కతే. ఆదివారం ప్రింట్ తీయించి, ఫ్రేము కట్టించి, పేపర్ చుట్టించాను.

సోమవారం హాల్ మెట్ల మీద ఆమె పేపర్ విప్పింది. నేను ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాను. ఆ ముఖంలో వెలుగు రావడం చూశాను. ఆరిపోవడమూ చూశాను.

"గీడ ఒక మనిషి ఉండాలె," అంది ఎడమ అంచు చూపిస్తూ.

"ఆఁ, బార్ పెట్టే ఆయన. అడ్డమొచ్చాడని తీసేశాను."

"అడ్డమొచ్చిండా."

"ఫోటోకు..."

"ఆయన మా నాయిన."

మెట్ల మీదికి వాన జల్లు కొడుతోంది.

"హాల్ల నాయిన, బిడ్డ అనే ముచ్చట వద్దన్నడు రవీందర్ సార్. దుంకేటప్పుడు ఆయన మొహం చూసి ఆగమైతనని. గందుకే ఆడ మాట్లాడుకోం. పొద్దుగాల గీడ బార్ వెడ్తడు, తర్వాత మీ క్యాంపస్‌లనే చెట్లకు నీళ్లు వడ్తడు. నేనూ మా నాయిన ఒక్క ఫోటోల వడ్డది అదొక్కటే. అమ్మకు చూపిద్దామనుకున్న. నీకు గదే చెప్దామనుకున్న."

"ఒరిజినల్ ఉంది రోహిణీ. రేపే మళ్లీ ప్రింట్ తీయిస్తాను."

"ఫోటో ఉన్నదా లేదా అని కాదు." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "మూడు వారాల సంది రోజూ నీ ముందట నిలవడ్డడు. నమస్తే సార్ అన్నడు. నా అడుగులన్నీ లెక్కవెట్టినవ్. ఆయన పేరేందో ఎన్నడన్న అడిగినవా?"

అడగలేదు.

ఫ్రేమ్ నా చేతిలో పెట్టి, గొడుగు లేకుండానే రోడ్డు మీదికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నాయనకు ఫోన్ చేశాను. మా నాయన పేరు మునిస్వామి. పాతికేళ్లు పెళ్లి పందిళ్లలో లైట్ పట్టుకుని నిలబడ్డాడు. ఆ వేడికే కళ్లు దెబ్బతిన్నాయి.

"నాయనా, నీ ఫోటో ఎవరైనా తీసినారా, పెళ్లిళ్లలో?"

ఆయన గట్టిగా నవ్వాడు. "లైట్ పట్టుకునేవాడు ఫోటోలో పడితే ఇంకేమైనా ఉందా! నా నీడ పడితేనే తిట్టేవోళ్లు. ఏం నాయనా, ఇప్పుడెందుకొచ్చె ఈ మాట?"

అంతా చెప్పాను.

"పాపకు సారీ చెప్పినావా?"

"చెప్పాలని చూస్తాండా. ఫోన్ ఎత్తడం లేదు."

"చెప్పాల్సింది ఆ పాపకు కాదు గదరా. ముందు పెద్దాయన దగ్గరికి పో," అన్నాడు నాయన. తర్వాత నెమ్మదిగా, "నిన్ను చదివించినానే, నువ్వు కూడా నన్ను చూడవేమో అని నాకు ఒక్కోసారి అనిపిస్తాది లే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

మర్నాడు లంచ్ టైములో షటిల్ బస్సెక్కి ఖాజాగూడ క్యాంపస్‌కు వెళ్లాను. ఆయన పైపు పట్టుకుని మొక్కల మధ్య ఉన్నారు.

"నమస్తే సార్," అన్నారు.

"నన్ను సార్ అనొద్దు. నా పేరు వెంకటనారాయణ. మీ పేరు అడగడానికి వచ్చాను."

ఆయన పైపు పక్కకు పెట్టి నన్ను తేరిపార చూశారు. "రామన్న," అన్నారు. "బిడ్డ చెప్పింది. జర కోపిష్టిది, ఏమనుకోకు."

"తప్పు నాది. మిమ్మల్ని ఫోటోలోంచి తీసేశాను."

"ఫోటోల నేనెందుకయ్యా? బిడ్డ మంచిగ వడ్డదా లేదా?"

"చాలా బాగా పడింది."

"అయిపోయె మరి!" అని చెట్టు కింద చోటు చూపించి, తన టిఫిన్ డబ్బా తెరిచారు. జొన్న రొట్టె, పచ్చిపులుసు. సగం నాకు పెట్టారు. ఆయన కుడి చేతికి రెండు వేళ్లు వంగవు. రాయి పడిందట.

"రాళ్లు కొట్టిన చేతులకు గా బార్ ఒక బరువా? పుల్ల లెక్క ఉంటది," అన్నారు. "కని పడ్డప్పుడల్ల గుండె దబ్బుమంటది. దాని మొహం దిక్కు చూడ. చూస్తే నేను ఆగమైన అని తెలుస్తది దానికి. బార్ దిక్కే చూస్త. జల్ది జల్ది మళ్ల పెడ్త. బార్ పైన కనవడితే దానికి మళ్ల దుంకబుద్ధయితది."

నేను రొట్టె నమలడం ఆపేశాను. మూడు వారాలు ఆ హాల్లో ఆమెను చూస్తున్నది నేనొక్కణ్నే అనుకున్నాను.

"మీ అమ్మానాన్నలేం చేస్తరు?" అని అడిగారు. మా అమ్మ గంగమ్మ గురించి, నాయన లైట్ల గురించి చెప్పాను. ఆయన తలూపుతూ విన్నారు. "లైట్ వట్టుడు అల్కటి పని కాదయ్యా," అన్నారు.

సెలెక్షన్ ఆదివారం. బయట ఒకటే వాన. హాల్లో పది జిల్లాల అమ్మాయిలు. బార్ పెట్టడానికి మనిషి కావాలంటే రవీందర్ సార్ రామన్నను చూపించారు. "పోటీలో ఉన్న పిల్ల తండ్రి అంట కదా?" అని ఎవరో అన్నారు. "పెట్టేది ఎవరైనా కొలిచేది నేనే కదా. కానివ్వండి," అన్నారు జడ్జి వెంకటాచలం గారు.

రోహిణి నాతో మాట్లాడి ఆరు రోజులైంది. నేను తలుపు దగ్గర నిలబడి ఎటు పోవాలో తెలియక చూస్తున్నాను. ఆమె గులాబీ టేప్ తీసి, పరుగు మొదలయ్యే చోట ఒక ముక్క అతికించింది. తర్వాత చుట్టతోనే నడుచుకుంటూ మ్యాట్ అవతలికి వెళ్లి, అక్కడ నేల మీద ఇంకో ముక్క అంటించింది. నా వైపు చూసింది.

"నాయినతోని రొట్టె తిన్నవంట."

"అవును."

"గీడ కూసో. ఒక్క క్లిక్. యాదున్నదా?"

"ఉంది."

అక్కడ కూర్చుంటే బార్ కనిపిస్తుంది. బార్ స్టాండ్ పక్కన రామన్న కూడా కనిపిస్తారు.

అరవై నాలుగు మొదటిసారే దాటింది. అరవై ఏడు రెండోసారికి. బార్ డెబ్బైకి లేచింది. మొదటి ప్రయత్నం మడమ తగిలింది. రామన్న వచ్చారు, బార్ పెట్టారు, వెనక్కి జరిగారు. రెండో ప్రయత్నం నడుము తగిలింది. రామన్న వచ్చారు, బార్ పెట్టారు. బార్ దిక్కే చూశారు, బిడ్డ వైపు చూడలేదు.

మూడోది. ఆఖరుది. రవీందర్ సార్ గోడ వైపు తిరిగి నిలబడ్డారు. రోహిణి గులాబీ టేప్ దగ్గర కళ్లు మూసుకుంది. తెరిచింది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. వంపు. ఐదు, ఆరు. నా వేలు బటన్ మీద ఉంది. ఏడు. స్టాండ్ పక్కన రామన్న రెండు చేతులూ కొంచెం పైకి లేచాయి. పడబోయే బార్‌ను అందుకోవడానికి కాబోలు. ఎనిమిది. ఆయన చూపు మొదటిసారి బార్‌ను వదిలి బిడ్డ మీదికి పోయింది.

తొమ్మిది.

నేను కెమెరా తిప్పాను. ఒక్క క్లిక్.

మ్యాట్ మీద మనిషి పడ్డ చప్పుడు వినిపించింది. బార్ పడ్డ చప్పుడు వినిపించలేదు.

ఆ తర్వాత హాలు హాలుగా లేదు. రవీందర్ సార్ ఏడుస్తూ ఎవరినో కౌగిలించుకున్నారు. రామన్న చేతులు ఇంకా దించలేదు. ఎత్తడానికి కింద పడ్డ బార్ లేదు మరి. రోహిణి మ్యాట్ దిగి, హాల్ రూల్ పక్కన పడేసి, "నాయినా!" అని ఆయన చేతుల్లోకే పరుగెత్తింది. అడుగులు లెక్కపెట్టలేదు.

పది నిమిషాలకు నా దగ్గరికి వచ్చింది. ముఖమంతా చెమట, కన్నీళ్లు, నవ్వు.

"తీసినవా?"

"తీశాను."

"చూపియ్యి."

స్క్రీన్ చూపించాను. ఫోటో నిండా రామన్నే ఉన్నారు. నీలం యూనిఫాం, పైకి లేచిన చేతులు, వంగని రెండు వేళ్లు, తెరిచిన నోరు, నిండిన కళ్లు. పై మూల మాత్రం గాల్లో ఒక మడమ, షూ లేసు చివర.

ఆమె కెమెరా లాక్కుని స్క్రీన్‌ను ముఖం దగ్గర పెట్టుకుంది. నాకు భయం పుట్టింది. ఈ జన్మలో మళ్లీ దొరకని జంప్ అది, నేను తీయలేదు.

"నన్ను కోసేసినవ్ గదా," అంది చివరికి.

"సారీ. నీ మడమ ఉంది..."

"మెడల్ మడమకు ఇస్తరా?" అంటూనే ఏడ్చింది. కెమెరా గుండెలకు ఆనించుకుని ఏడ్చింది. "పాతికేండ్ల సంది చూస్తున్న మా నాయినను. నేను గాలిల ఉంటే ఆయన మొహం గిట్లుంటదని నాకు తెల్వదు. నేనెన్నడూ చూడలే. ఎట్ల చూస్త, నేను పైనుంటి గదా!"

"రోహిణీ, నేను ఒకటి చెప్పాలి. చేయాల్సిన పనుల జాబితాలో వారం నుంచి రాసుకుంటున్నా, చేయలేకపోతున్నా."

"ఏంది?"

"నువ్వంటే నాకు ఇష్టం. చాలా."

ఆమె జెర్సీ భుజంతో ముక్కు తుడుచుకుంది. "గిది చెప్పనీకి జాబితా వెట్టుకున్నవా?"

"లేకపోతే మరిచిపోతానని కాదు. ధైర్యం కోసం."

"నీ జాబితాలకెళ్లి ఎన్నడో కొట్టేసిన నేను ఆ పని," అంది. "గొడుగు నాడే."

ఆ సాయంత్రం వాళ్లింట్లో చంద్రమ్మ, అంటే రోహిణి వాళ్లమ్మ, ఫోటో ఉన్న ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. బిడ్డ వెనక్కి వాలి పడడం చూడలేనని ఆమె ఏనాడూ హాలుకు రాలేదు.

"ఈ మనిషి నోరెందుకు గట్ల తెరిచిండు? ఈగ వోతది," అంది. తర్వాత కొంగుతో అద్దం తుడిచినట్టు ఫోన్ స్క్రీన్ తుడిచింది. "పిల్ల పెండ్లినాడు గూడ గిట్ల చూడడేమో."

"ఏం పెండ్లి?" అన్నారు రామన్న.

"నాకు తెల్వదనుకున్నరా? పిలగాడు మూడు వారాల సంది పొద్దుగాల ఆరింటికే వస్తుంటే కెమెరా కోసమా?" అని నా వైపు తిరిగింది. "మీ అమ్మ నంబరియ్యి బిడ్డా. మాట్లాడ్త. ఇంకింత అన్నం పెట్టుకో ముందు."

రోహిణి ఇప్పుడు క్యాంపులో ఉంది. పొద్దున ప్రాక్టీసు అయ్యాక ఫోన్ చేస్తుంది. అక్కడ బార్ ఎవరు పెడతారో వాళ్ల పేరు మొదటి రోజే అడిగి తెలుసుకుందట. వచ్చే నెల నాయన కళ్లు చూపించుకోవడానికి హైదరాబాద్ వస్తున్నాడు. రామన్నా ఆయనా ఒకే ఫోటోలో ఉండాలని రోహిణి ఆర్డర్. నా జాబితాలో మొదటి పని అదే.

ఆ రోజు జంప్ ఫోటో ఎవరి దగ్గరా లేదు. ఖాజాగూడలో వాళ్లింటి గోడ మీద ఉన్నది రామన్న ఫోటో. చూసినవాళ్లంతా "దుంకే పిల్లేది?" అని అడుగుతారు.

మీరెప్పుడైనా పేపర్లోనో ఫోన్లోనో హైజంప్ ఫోటో ఒకటి చూస్తారు. బార్ మీద మనిషి విల్లులాగా వంగి, చాలా అందంగా ఉంటుంది. తప్పకుండా చూడండి. తర్వాత, ఆ ఫోటో ఎక్కడ కోసేశారో ఆ అంచుకు అవతల, చేతులు సగం పైకెత్తి నిలబడ్డ మనిషి ఒకరు ఉంటారు. ఆయన పేరు రామన్న. ఒక్క క్షణం గుర్తు చేసుకోండి.